వీణ చేతికిచ్చారు సరే, ఉలి ఎప్పుడిస్తారు?

మన ఇళ్ళలో గోడమీద సరస్వతి పటం ఉంటుంది. ఆమె ఒడిలో వీణ ఉంటుంది. ఒకప్పుడు పెళ్ళిచూపుల్లో, మరీ ముఖ్యంగా పై కులాల ఇళ్ళలో, అమ్మాయికి వీణ వచ్చా, పాట వచ్చా అని అడగడం మామూలు. రెండు కృతులు వాయించి చూపించాక పెళ్ళయ్యేది. పెళ్ళయ్యాక ఆ వీణ గుడ్డ కప్పుకుని మూలన కూర్చునేది. స్త్రీలకూ వీణకూ ఉన్న ఈ చుట్టరికం గురించి ఎంతోమంది రాశారు. ఎవరూ అంతగా అడగని ప్రశ్న ఒకటుంది. ఆ వీణను చేసిందెవరు? దాని పొడవు ఇంత ఉండాలని, కుండ లోతు ఇంత ఉండాలని, మెట్ల మధ్య ఎడం ఇంత ఉండాలని నిర్ణయించిందెవరు? ఆ నిర్ణయంలో ఆడవాళ్ళ చెయ్యి ఎక్కడైనా ఉందా?

వాయించే హక్కు కోసం స్త్రీలు చేసిన పోరాటం చిన్నది కాదు. కళావంతుల కుటుంబాల స్త్రీలు తరతరాలుగా నిలబెట్టిన సంగీతాన్ని సంఘం ఒకపక్క ఆనందించింది, మరోపక్క వాళ్ళకి చెడ్డపేరు అంటగట్టింది. ఆ చరిత్ర మనకి తెలుసు. వాద్యాన్ని రూపొందించే హక్కు సంగతి మాత్రం మనం ఇంకా మొదలుపెట్టనే లేదు. ఈ సంచికలో ఆ మాట ఎత్తడానికి కారణం ఇదే.

దగ్గర్లో ఉన్న ఉదాహరణే చూద్దాం. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లి ఉంది. బొబ్బిలి వీణ అంటే ఆ ఊరి చేతిపనే. పనసదుంగను తొలిచి కుండ, దండి చేస్తారు. ఒకే దుంగలో మొత్తం తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. దండి చివర యాళి ముఖం చెక్కుతారు. మైనం పరిచి 24 మెట్లు కడతారు. మీటే తంత్రులు నాలుగు, తాళానికి మూడు, మొత్తం ఏడు. 2011లో ఈ వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ చేతిపని గురించి ఎక్కడ చదివినా కనిపించే వాక్యం ఒకటే: తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య. అదే జిల్లాలో, విజయనగరంలో, 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. వాయించడం నేర్చుకోవాలంటే అక్కడికి వెళ్ళవచ్చు. చేయడం నేర్చుకోవాలంటే మాత్రం ఆ ఇంట్లో పుట్టాలి, అదీ కొడుకై పుట్టాలి.

చేయడం అంటే చెక్కడం ఒక్కటే అనుకుంటాం. చెక్కడానికి ముందు కొలత ఉంటుంది, కొలతకి ముందు ఆలోచన ఉంటుంది. తంత్రి పొడవు సగం చేస్తే స్వరం పై స్థాయికి వెళుతుంది. ఇది ఎనిమిదో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది. మెట్ల లెక్క కూడా అంత కష్టమైనదేమీ కాదు. స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు. వాటిని సమాన భాగాలుగా తీసుకుంటే, ప్రతి మెట్టు దగ్గర మిగిలిన తంత్రి పొడవును 17.8తో భాగించి వచ్చినంత ముందుకు జరగాలి. తంత్రి 80 సెంటీమీటర్లుంటే మొదటి మెట్టు సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. పన్నెండోది సరిగ్గా 40 దగ్గర, ఇరవై నాలుగోది 60 దగ్గర పడతాయి. చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటర్లే. ఇక్కడిదాకా కాగితం చెబుతుంది. ఆపైన చెవి పని మొదలవుతుంది. మెట్టు మీద నొక్కినప్పుడు తంత్రి సాగి స్వరం కాస్త పైకి పోతుంది కనుక, మైనం మెత్తగా ఉండగానే వింటూ, జరుపుతూ, మళ్ళీ వింటూ సరిచేయాలి. లెక్క, చెవి, చెయ్యి, ఈ మూడూ కలిస్తే వాద్య రూపకల్పన. వీటిలో ఆడపిల్లకి లేనిది ఏది?

ఇంకో సంగతి. కొలతలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఎవరో ఒకరి చేతిని, ఎవరో ఒకరి గొంతుని దృష్టిలో పెట్టుకునే పుడతాయి. నాలుగడుగుల వీణ ముందు కూర్చున్న పదేళ్ళ పాప వేళ్ళు మొదటి మెట్ల మధ్య చాలక అవస్థపడితే, నీ చెయ్యి చిన్నది అంటాం. వీణ పెద్దది అని ఎవరమూ అనం. తంత్రి పొడవు 80 నుంచి 70 సెంటీమీటర్లకి తగ్గిస్తే ప్రతి ఎడమూ ఎనిమిదో వంతు తగ్గుతుంది. మొదటి ఎడం నాలుగు సెంటీమీటర్ల లోపుకి వస్తుంది. తంత్రి అదే, బిగువు అదే అయితే శ్రుతి రెండు స్వరస్థానాలకి కాస్త పైగా పెరుగుతుంది. పాడే మగవాళ్ళ శ్రుతి సాధారణంగా ఒకటి, ఒకటిన్నర దగ్గర, ఆడవాళ్ళ శ్రుతి ఐదు, ఐదున్నర దగ్గర ఉంటుంది కదా, అంటే ఆ వీణ ఆడగొంతుకి కొంచెం దగ్గరవుతుంది. అయితే తంత్రి ఒక్కటీ కుదిస్తే చాలదు. కుండ లోతు, పైపలక మందం దానికి తగ్గట్టు మారకపోతే నాదం పీలగా వస్తుంది. ఎంత మార్చాలి? అది తెలుసుకోవడమే రూపకల్పన నేర్చుకోవడం. ఆ ప్రశ్న మొట్టమొదట తట్టవలసింది ఇబ్బందిపడే చేతికే. ఆ చేతికి పనిముట్లు అందకపోతే ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోతుంది.

ఇది ఊహ కాదు అనడానికి చరిత్రలో సాక్ష్యాలున్నాయి. పలచని పలక కంపించినప్పుడు దానిమీద ఇసుక చల్లితే ముగ్గులాంటి ఆకారాలు ఏర్పడతాయి. తంత్రీవాద్యాల పైపలక ఎలా పలుకుతుందో తెలుసుకోవడానికి అదొక దారి. ఆ కంపనాలకి గణితం కనుక్కోమని ఫ్రాన్సులో పోటీ పెట్టారు. 1816లో ఆ బహుమతి గెలిచింది సోఫీ జెర్మేన్ అనే స్త్రీ. 1794లో పారిస్‌లో పెద్ద సాంకేతిక విద్యాలయం తెరిచినప్పుడు అందులో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. ఆమె పాఠాల నోట్సు సంపాదించి ఇంట్లో చదువుకుంది. మగపేరు పెట్టుకుని పండితులకి ఉత్తరాలు రాసింది. పలక ఎలా కంపిస్తుందో లోకానికి చెప్పిన మనిషి తన పేరు తాను చెప్పుకోవడానికే భయపడాల్సి వచ్చింది.

అమెరికాలో కార్లీన్ హచిన్స్ అనే ఆమె స్కూల్లో సైన్సు టీచరు. 1911లో పుట్టింది. నలభై ఏళ్ళకి దగ్గరపడుతుండగా వియోలా చేయడం మొదలుపెట్టి 1949లో మొదటిది పూర్తిచేసింది. వంటగదే ఆమెకి పనిచోటు. వియోలా దాని శ్రుతికి కావలసినంత పెద్దది కాదు, అందుకే దాని గొంతు మూగగా ఉంటుంది అన్నది ఆమెను పట్టిన సమస్య. ఫ్రెడరిక్ సాండర్స్ అనే భౌతికశాస్త్రవేత్తతో కలిసి ఏళ్ళ తరబడి పరీక్షలు చేసింది. తాను చేసిన వాద్యాలనే కోసి, పలచన చేసి, మళ్ళీ అతికించి చూసింది. 1963లో తోటివారితో కలిసి వాద్యధ్వని పరిశోధనకి ఒక సంఘం పెట్టింది. చివరికి ఒకే కుటుంబంలా పలికే ఎనిమిది వయొలిన్లని, అతి చిన్నదాని నుంచి మనిషెత్తుని మించినదాని దాకా, రూపకల్పన చేసింది. 2009లో చనిపోయేనాటికి వందలాది వాద్యాలు ఆమె చేతిమీదుగా వచ్చాయి. పిల్లల్ని పెంచుతూ, వంటగదిలో, నడివయసులో మొదలుపెట్టిన చదువు అది. ఆలస్యమైపోయింది అనుకునే ప్రతి స్త్రీ గుర్తుపెట్టుకోదగిన సంగతి.

మన దేశంలోనూ ఈ శాస్త్రం ఉంది. వీణ గుర్రం మీద తంత్రి ఆనే తలం కొంచెం వంపుగా ఉంటుంది. అందువల్లనే ఆ నాదానికి అంత నిండుదనం వస్తుందని సి.వి. రామన్ 1921లో వివరించారు. అదే రామన్ డైరెక్టరుగా ఉన్న బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1933లో చేరబోయిన కమలా సొహోనీని ఆడపిల్ల అనే కారణంతో మొదట కాదన్నారు. ఆమె పట్టుబట్టింది, షరతులు పెడితే ఒప్పుకుని చేరింది, తర్వాత జీవరసాయన శాస్త్రంలో పేరు తెచ్చుకుంది. వీణ రహస్యం విప్పిన గొప్ప బుద్ధికి కూడా తలుపు దగ్గర నిలబడ్డ ఆడపిల్ల సమంగా కనబడలేదు. వ్యక్తుల మంచిచెడ్డల కంటే, ఆ తలుపు ఎంత పాతదో తెలుసుకోవడం ముఖ్యం.

ఇప్పుడు మన దగ్గర వినబడే అభ్యంతరాలు చూద్దాం. దుంగ బరువు, ఆడవాళ్ళ వల్ల కాదు అంటారు. ఇళ్ళ కట్టుబడిలో ఇటుకలు మోసేది, క్వారీలో కంకర కొట్టేది ఎవరు? అక్కడ అడ్డురాని బరువు ఉలి దగ్గర ఎందుకు అడ్డొస్తుంది? కూలి తక్కువ ఉన్నచోట బలం ఉంటుంది, పేరూ విద్యా దొరికేచోట బలం పోతుంది, విచిత్రం! కూతురికి నేర్పితే విద్య అత్తవారింటికి పోతుంది అని ఇంకో మాట. కొడుకులు ఈ పనిలో తిండి గడవక పట్నాలకి వెళుతుంటే విద్య ఎక్కడికి పోతోంది మరి? కళాకారుల కుటుంబాలని నిందించడం మా ఉద్దేశం కాదు. నెలలు పట్టే పనికి గిట్టుబాటు లేక, మంచి పనసదుంగ దొరక్క వాళ్ళు పడే కష్టం మాకు తెలుసు. అయితే ఆ కష్టంలో సగం మోసే స్త్రీలకి ఆ విద్యలో సగం పాలు ఎందుకు లేదు అని అడగక తప్పదు.

ఏ చేతివృత్తి ఇంటికైనా వెళ్ళి చూడండి. నునుపు పట్టేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, సరంజామా సర్దేవాళ్ళు ఆడవాళ్ళే కావచ్చు. అడిగితే మాత్రం 'మా ఆయన పనిలో సాయం చేస్తాను' అంటారు. ప్రభుత్వ శ్రామిక సర్వేల్లో కూడా ఇంటి పనిలో జీతం లేని సహాయకులని ఒక వర్గమే ఉంది. అందులో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ వాటా ఎక్కువ. సాయం అన్న మాటకి కూలి లేదు, గుర్తింపు కార్డు లేదు, అప్పు పుట్టదు.

చట్టాలూ పథకాలూ ఏం చెబుతున్నాయి? 2023 సెప్టెంబరులో కేంద్రం పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. గుర్తింపు కార్డు, శిక్షణ, శిక్షణలో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇందులో ఉన్నాయి. మంచిదే. పథకం 18 వృత్తులకి. వాద్యాల తయారీకి ఆ జాబితాలో విడిగా పేరు లేదు. అంతకంటే ముఖ్యమైన నిబంధన, కుటుంబానికి ఒక్కరే అర్హులు. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. ఆ ఒక్కరు ఎవరవుతారో మనం చెప్పుకోనక్కర్లేదు. భర్తా భార్యా ఇద్దరూ ఉలి పట్టే ఇంట్లో ఒకరు వృత్తిదారు, ఇంకొకరు మళ్ళీ సహాయకురాలే.

దీనికి భిన్నంగా, 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టంలో మనం వాడుకోదగ్గ వీలు ఒకటుంది. దాని 17వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన వస్తువును తయారుచేసే ఎవరైనా అధీకృత వినియోగదారుగా నమోదుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కుటుంబానికి ఒక్కరు అని అక్కడ లేదు, ఇంటిపెద్ద అనీ లేదు. వీణ పనిలో చెయ్యి ఉన్న స్త్రీ తన పేరుతోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి వాళ్ళదాకా తీసుకెళ్ళే బాధ్యత మహిళా సంఘాలది.

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. విశ్వకర్మ పథకంలో కుటుంబానికి ఒక్కరే అన్న నిబంధన తీసేయాలి, పనిచేసే ప్రతి మనిషినీ పనిమనిషిగా కాక వృత్తిదారుగా గుర్తించాలి. వాద్యాల తయారీని వృత్తుల జాబితాలో పేరుపెట్టి చేర్చాలి. సంగీత కళాశాలల్లో వీణ నేర్చుకునే ప్రతి విద్యార్థినికీ మెట్లు కట్టడం, గుర్రం అరగదీయడం, కొలతలు గీయడం నేర్పాలి. నేర్పే గురువులుగా వృత్తి కుటుంబాల వారినే, స్త్రీలతో సహా, తగిన జీతమిచ్చి పిలవాలి. అప్పుడు ఆ విద్య వాళ్ళ చేతుల్లోంచి ఊడిపోదు, వాళ్ళ ఇంటి ఆడపిల్లలకీ దారి దొరుకుతుంది.

చదువుతున్న మీకూ ఒక పని. మీ ఊళ్ళో తంబురాలు, వీణలు, ఏకతారలు, కిన్నెరలు చేసే ఇళ్ళున్నాయా? ఆ ఇళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడండి. మీరు చేసే పని ఏమిటి, ఏ కొలత మీకు తెలుసు, ఏది నేర్పలేదు అని అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే ఆ మాటలు రాసి మాకు పంపండి. మీ ఇంట్లో వీణ నేర్చుకుంటున్న పాప ఉంటే, ఈసారి మైనం కరిగి మెట్టు జరిగినప్పుడు వెంటనే బాగుచేసే అతనికి కబురు పెట్టకండి. ముందు ఆ పాపకి ఒక స్కేలు, ఒక కాగితం ఇవ్వండి. తంత్రి పొడవు కొలవమనండి. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో ఎందుకుందో తనంతట తాను తెలుసుకోనివ్వండి. ఉలి సంగతి ఆ తర్వాత తనే అడుగుతుంది. అడిగినరోజున లేదనకుండా ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉండాలి.