బావి లెక్క ఊరికి తెలియాలి

1970ల చివరి నుంచి గోదావరి డెల్టాలో ఓ.ఎన్.జి.సి. చమురు, గ్యాసు బావులు తవ్వుతూ వున్నది. కోనసీమలో కొబ్బరితోటల నడుమ, వరిచేల పక్కన ఈ బావులు కనిపిస్తాయి. అయినా తన పొలిమేరలోని బావి ఏమి యిస్తున్నదో, ఇంకా ఎన్నాళ్ళు యివ్వగలదో సామాన్య రైతుకు తెలియదు. తెలియవలసిన అవసరం ఎంతైనా వున్నది.

భూమి లోపల చమురు చెరువులా నిలిచి వుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తడిసిన ఇటుకలో నీరు వున్నట్లు, ఇసుకరాతి సందుల్లో చమురు, గ్యాసు గొప్ప ఒత్తిడితో యిమిడి వుంటాయి. వేల అడుగుల లోతున వున్న ఆ రాతిని కళ్ళారా చూడడం ఎవరి తరమూ కాదు. దాని సంగతి బావి ద్వారానే తెలియాలి. అందుకే చమురు ఎంత, గ్యాసు ఎంత, వాటితో వచ్చే నీరు ఎంత, ఒత్తిడి ఎంత అని బావుల వారీగా లెక్క వ్రాస్తారు. వైద్యుడికి రోగి నాడి ఎట్లాంటిదో, ఇంజనీరుకు ఈ లెక్క అట్లాంటిది.

కొంచెం తీయగానే ఒత్తిడి బాగా పడిపోతే నిక్షేపం చిన్నదని గుర్తు. ఎంత తీసినా ఒత్తిడి నిలబడితే నిక్షేపం పెద్దదన్నా అయివుండాలి, అడుగు నుంచి నీరు పైకి నెడుతూనన్నా వుండాలి. బావిని కొంతకాలం మూసి, ఒత్తిడి ఎంత త్వరగా కోలుకుంటుందో చూస్తే చుట్టూ వున్న రాయి ఏపాటిదో తెలుస్తుంది. నీటి పాలు పెరుగుతున్నప్పుడు చాలాచోట్ల తోడడం తగ్గించవలసి వస్తుంది. ఆశకొద్దీ తోడితే నీరు ముందుకు వచ్చి, చమురు రాతిలోనే చిక్కిపోవచ్చు. ఒక బావిలో తీస్తుంటే రెండో బావిలో ఒత్తిడి తగ్గితే, లోపల రెండింటికీ దారి వున్నట్లే. పక్క చేను బోరు ఆడినప్పుడు తన బోరులో నీరు దిగిపోవడం చూసిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు.

ఈ చివరి సంగతే సముద్రంలో పెద్ద తగాదాకు దారితీసింది. కాకినాడ తీరానికి ఆవల, ఓ.ఎన్.జి.సి. క్షేత్రంలోని గ్యాసు పక్కనున్న రిలయన్స్ వారి కె.జి. డి-6 క్షేత్రంలోకి తరలివెళ్ళిందని 2015లో అమెరికా సలహా సంస్థ డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ నివేదించింది. వ్యవహారం కోర్టుల దాకా పోయింది.

ఆ డి-6 కథ మరొక పాఠం. 2009 ఏప్రిల్‌లో అక్కడ గ్యాసు తీయడం మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 6 కోట్లు దాటింది. 2013 చివరికి ఒకటిన్నర కోటి లోపుకు పడిపోయింది. లోపలి రాయి అనుకున్నట్లు లేదని, నీరు, ఇసుక వచ్చాయని కంపెనీ వాదన. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ వాదన. ఎవరి వాదన ఎట్లా వున్నా, ఆ గ్యాసును నమ్ముకున్న విద్యుత్ కేంద్రాలకు 2013లో సరఫరా ఆగిపోయింది. బావులు నాలుగేళ్ళు పనిచేసి అసలు సంగతి చెప్పేసరికి కోట్ల రూపాయల కట్టుబడి అయిపోయింది.

కనుక ఈ లెక్క కంపెనీ గదుల్లోనే వుండిపోరాదు. నేలమీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. దానికి ఆధారం ఉత్పత్తి లెక్కే. బావి నుంచి వచ్చే నీరు తరచు ఉప్పునీరు. అది ఎంత వస్తున్నదో, ఎక్కడికి పంపుతున్నారో ఆయకట్టు రైతు అడగడంలో తప్పులేదు. గ్యాసు తీయడం వల్ల నేల కుంగుతున్నదన్న భయం డెల్టాలో వున్నది. ఆ భయం నిజమో కాదో తేల్చాలన్నా ఒత్తిడి లెక్కలు, నేల మట్టం కొలతలు పక్కపక్కన పెట్టి చూడవలసిందే.

లోపలి రాతి పటాలు వ్యాపార రహస్యమని కంపెనీలు అనవచ్చు. అవి దాచుకోనీయండి. బావుల వారీగా నెలకు ఎంత చమురు, ఎంత గ్యాసు, ఎంత నీరు వచ్చినదీ తెలుగులో పంచాయతీ బోర్డు మీద వ్రాయడానికి ఏ రహస్యమూ అడ్డు రాదు. అధికారులు ఈ చిన్న ఏర్పాటు వెంటనే చేయాలి. గ్రామసభలు కూడా ఈ లెక్కను గట్టిగా అడగాలి.