స్లాబ్ లెక్క మీకు వచ్చా?

కొత్త ఇల్లు మొదలుపెడితే, ఇంట్లో బీటెక్ చదివేవాళ్లను పెద్దవాళ్లు కచ్చితంగా అడుగుతారు. సిమెంట్ ఏది మంచిది, స్టీల్ ఎంత పడుతుంది అని. స్లాబ్ వేడిని ఎలా ఆపాలని మాత్రం ఎవరూ అడగరు. ఆ మాట మీరే ఎత్తాలి. అమ్మానాన్నలు ఇంకా ఎన్నో వేసవులు ఆ స్లాబ్ కిందే పడుకోవాలి మరి!

మే నెలలో రాత్రి పదింటికీ ఫ్యాన్ వేడిగాలే ఎందుకు కొడుతుంది? పగలంతా ఎండకు కాగిన కాంక్రీట్ ఆ వేడిని రాత్రి మెల్లగా కిందికి వదులుతుంది కాబట్టి.

లెక్క చూద్దాం. మందాన్ని మీటర్లలో తీసుకుని ఉష్ణవాహకతతో భాగిస్తే ఉష్ణనిరోధం వస్తుంది. 150 మి.మీ. స్లాబ్‌కు 0.15ను 1.58తో భాగిస్తే సుమారు 0.1. పైనా కిందా ఉండే గాలి పొరలకు దాదాపు 0.2 కలపండి. మొత్తం 0.3. ఒకటిని దీంతో భాగిస్తే 3.3. ఇదే యూ వాల్యూ. అంటే లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు 3.3 వాట్ల వేడి దిగుతుందన్నమాట. నివాస భవనాల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహితలో పైకప్పుకు గరిష్ఠ పరిమితి 1.2 మాత్రమే.

ఇప్పుడు స్లాబ్ మీద 40 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీట్ పరిచామనుకోండి. 0.04ను 0.035తో భాగిస్తే 1.1. మొత్తం నిరోధం 1.4, యూ వాల్యూ 0.7. నాలుగు సెంటీమీటర్ల షీట్, పదిహేను సెంటీమీటర్ల కాంక్రీట్ కన్నా పది రెట్లకు పైగా వేడిని అడ్డుకుంటోంది!

షీట్ స్లాబ్ పైనే ఉండాలి. కింద పెడితే కాంక్రీట్ ఎండకు కాగుతూనే ఉంటుంది. ముందు వాలు, వాటర్‌ప్రూఫింగ్, దానిమీద షీట్, ఆపైన కాంక్రీట్ పొర, తెల్ల టైల్స్. వీటితో డాబా ఎత్తు పెరుగుతుంది. అందుకే మెట్ల గది గడప, పిట్టగోడ, వాననీటి గొట్టాల ఎత్తు ముందే చూసుకోవాలి. ఇల్లు పూర్తయ్యాక గుర్తొస్తే టైల్స్ పగలగొట్టడమే.

తెల్ల పెయింట్ చాలదా అంటారు. అది ఎండను వెనక్కి కొడుతుంది, ఖర్చూ తక్కువ. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆధారపడింది ఈ సూత్రం మీదే. కానీ దుమ్ము పేరుకుంటే ప్రభావం తగ్గుతుంది. పాత ఇంటికి పెయింట్ మంచి మార్గం. కొత్త ఇంటికి రెండూ చేయండి.

సివిల్, మెకానికల్ వాళ్లకు ఇది ఉద్యోగానికీ పనికొచ్చే లెక్క. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష అది నిర్వహించేదే. కొన్నేళ్ల అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎనర్జీ ఆడిటర్ పరీక్షా రాయొచ్చు.

ఈ ఆదివారం మీ ఇంటి స్లాబ్ మందం కొలవండి. యూ వాల్యూ ఇప్పుడెంత, షీట్ వేస్తే ఎంత, ఖర్చెంత... ఒక పేజీలో రాయండి. ‘మినీ ప్రాజెక్టు ఏం చేశావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, నెట్‌లో దొరకని జవాబు మీ దగ్గర ఉంటుంది.