పెన్‌డ్రైవ్‌లో నాయన గొంతు

శింగనమల నుంచి అనంతపురానికి మాకు కారులో అరగంట దారి. నెలకోసారి అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఉగాది అయిన వారానికి అట్లా పోతున్నప్పుడు మా నాయన పాడిన చెక్కభజన పాటలు పెట్టాను. 1989లో ఊరి రామాలయం ముందు టేప్‌రికార్డర్‌లో పట్టినవి. నాయన పోయి పన్నెండేళ్లయింది, అమ్మ మురిసిపోతుందనుకున్నా. రెండు నిమిషాలు వినింది. "ఇదేందిరా, మీ నాయన రేకు డబ్బాలో కూచోని పాడినట్టుంది? తాళాలు యాడికి పోయినాయి?" అని కిటికీ వైపు తిరిగింది. మళ్లీ ఊరు చేరేదాకా ఆ మాట ఎత్తలేదు.

అందరిలాగే నేనూ స్పీకర్లనే అనుమానించాను. టౌన్‌లో కారు సామాన్లమ్మే షాపుకు పోతే డోర్లకు కొత్త స్పీకర్లు, ఒక యాంప్లిఫయర్, డిక్కీలో సబ్‌వూఫర్, అన్నీ కలిపి 22 వేలన్నారు. అడ్వాన్స్ తీయబోతూ, ఎందుకైనా మంచిదని నా పెన్‌డ్రైవ్ వాళ్ల డెమో కారులో పెట్టమన్నా. ఆ ఖరీదైన స్పీకర్లలోనూ అదే రేకు డబ్బా. కాకపోతే పెద్ద డబ్బా. పర్సు మళ్లీ జేబులో పెట్టుకున్నా.

తప్పు కారులో లేదు, ఫైల్లో ఉంది. ఆ క్యాసెట్‌ను చాలా ఏళ్ల కిందట ఒక దుకాణంలో ఇచ్చి ఎంపీ3 చేయించాను. మెమరీ కార్డులు ఖరీదుగా ఉన్న రోజులు కదా, గంట క్యాసెట్‌ను 64 కేబీపీఎస్‌లో నొక్కి 29 ఎంబీలో ఇరికించారు. సీడీ నాణ్యతలో అదే గంటకు 600 ఎంబీకి పైనే కావాలి. ఎంపీ3 చేసే పని, మన చెవికి పెద్దగా తెలియని శబ్దాలను ఏరి పారేయడం. 256, 320 కేబీపీఎస్‌లో ఆ ఏరివేత మనం పసిగట్టలేం. 64కు దిగితే తెలిసేవాటినీ కోసేస్తుంది, ముందుగా పోయేది పై శ్రుతులే. తాళాల గలగల, చెక్కల మీది గజ్జెలు, పాడేవాడి ఊపిరి ఉండేది అక్కడే. పైగా ఆ దుకాణమాయన "బుస్సుమనే సౌండు తీసేసినాం సార్" అని గొప్పగా చెప్పాడు. బుస్సుతో పాటు ఇంకేం తీసేశాడో నేనూ అడగలేదు.

నా తెలివితక్కువ పని ఇంకొకటుంది. ఆ ఫైల్‌ను కంప్యూటర్‌లో 320కి మార్చి బాగుచేశాననుకున్నా. 29 ఎంబీ కాస్తా 144 అయింది, గొంతు మాత్రం మారలేదు. మజ్జిగలో నీళ్లు కలిపితే గిన్నె నిండుతుంది గానీ చిక్కబడదు కదా. ఒకసారి పోయిన శబ్దం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. ఇంటర్నెట్‌లో 320 అని దొరికే పాత సినిమా పాటల్లోనూ ఇట్లాంటివి ఉంటాయి. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి చూడండి. 16 వేల హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు బొమ్మ ఆగిపోతే అనుమానించాల్సిందే.

మంచి ఫైల్ ఉన్నా దాన్ని కారుకు చేర్చే దారిలో పాడుచేసుకోవచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అన్నిటికన్నా నాసి. బ్లూటూత్ పాటను మరోసారి కుదించి పంపుతుంది. పెన్‌డ్రైవ్ నేరుగా యూఎస్‌బీలో పెడితే ఆ బాధ లేదు. చాలా స్టీరియోలు చదివేది ఫ్యాట్32 ఫార్మాట్‌నే, ఫ్లాక్ ఫైళ్లు ఆడతాయో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. ఎవరైనా వాట్సాప్‌లో పాట పంపుతానంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. బాస్ బూస్ట్ అన్నీ తీసేసి, ఈక్వలైజర్ సున్నాలో పెట్టి వినడం మొదలుపెట్టండి. తాడిపత్రి రోడ్డు మీద 80లో పోతుంటే టైర్ల మోత, ఏసీ ఫ్యాన్ కలిసి సన్నటి శబ్దాలను మింగేస్తాయి. దానికి స్పీకర్లు మార్చడం కన్నా డోర్లలో వదులైన మరలు బిగించి, గిలగిలలాడే చోట కాస్త ఫోమ్ అంటించడం చవక. నాకు 300 కూడా కాలేదు.

అసలు క్యాసెట్ సంగతి. కంప్యూటర్‌లోకి ఎక్కింది కదా, ఇంకెందుకు, పారేయమని అమ్మకు ఎప్పుడో చెప్పాను. ఇప్పుడు భయపడుతూ అడిగితే ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలోంచి తీసిచ్చింది. "నువ్వు చెప్పినవన్నీ చేస్తానా?" అనింది.

పనిచేసే టేప్ డెక్ ఒకటి స్నేహితుడి అటకమీద దొరికింది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. టేప్ నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ పోతే ఒకచోట తాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆ రాత్రి అది విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి వైరు ఇచ్చి, ఆడాసిటీలో, ముల్లు ఎర్రగీత తాకకుండా, వేవ్ ఫైల్‌గా ఎక్కించాను. బుస్సును అట్లాగే ఉంచేశా. కారు కోసం ఒక 320 కాపీ, అసలుది రెండు హార్డ్ డిస్కుల్లో. క్యాసెట్ తిరిగి చీర మడతలోకి.

తర్వాతి నెల చెరువు కట్ట పక్కన కారు ఆపి, ఇంజను, ఏసీ కట్టేసి పెట్టాను. మొదట బుస్సు. తర్వాత ఎవరో "ఎత్తుకోప్పా" అన్నారు. నాయన దగ్గి గొంతు సవరించుకున్నాడు. పాత ఫైల్లో ఈ ముక్కే లేదు, దుకాణంలో పాట దగ్గర్నుంచే కోసిపెట్టారు.

"ఎత్తుకోప్పా అనింది మీ మేనమామ గదరా" అనింది అమ్మ.

పాట మొదలైంది, తాళాలు వచ్చాయి. అమ్మ చేయి అడ్డం పెట్టి, వెనక్కి తిప్పి ఆ దగ్గు మళ్లీ పెట్టమంది. డాక్టరు దగ్గరికి ఆ రోజు గంట ఆలస్యంగా పోయాం.