నోరెండుట దప్పిక కాదు

హైదర్‌గూడలోని నా వైద్యశాలకు ఆ మధ్య చిక్కడపల్లి నుండి ఒక పెద్దావిడ వచ్చారు. రాత్రివేళ నాలుక అంగిటికి అంటుకొనిపోతున్నదట. అందుకని దిండు పక్కన పటికబెల్లం ఉంచుకొని చప్పరిస్తున్నారు. నోరు తెరిపించి చూచాను. ఏడాదిలోనే నాలుగు పళ్లు చిగురు మొదట పుచ్చినవి.

దప్పిక నీటితో తీరుతుంది, ముఖశోష తీరదు. అక్కడ లోపించినది లాలాజలం. రోజుకు అర లీటరు నుండి లీటరున్నర వరకు ఊరే ఈ రసమే నోటిలో పుట్టే ఆమ్లాన్ని కడిగి పంటిని కాపాడుతుంది. అది లేనిచోట తీపి చప్పరించుట దొంగ చేతికి తాళం ఇచ్చుటే.

కారణం ఆవిడ చేతిసంచిలోనే దొరికింది: రక్తపోటుకు, అలర్జీకి, నిద్రకు మాత్రలు. ఇట్టి మందులలో పెక్కు నోటిని ఎండబెడతాయి. మానమని నేను చెప్పలేదు, చెప్పరాదు కూడా. వ్రాసిన డాక్టరు గారినే అడగమన్నాను. మధుమేహ పరీక్ష, దంతవైద్యుని దర్శనం తప్పవన్నాను.

మా వైద్యులలోనూ ఒక పొరపాటున్నది. నోటి బాధ అనగానే తుమ్మబెరడు, కరక్కాయ కషాయాలిస్తాం. వగరు మరింత ఎండబెడుతుంది. యౌవనంలో నేనూ ఇచ్చాను. ఇక్కడ కావలసినది స్నిగ్ధత. చరకుడు చెప్పిన నువ్వులనూనె గండూషం మేలు: ఉదయం ఒక చెంచా నోట పట్టి, మింగక ఉమ్మివేయాలి. దానితో లాలాజలం ఊరుతుందని అనను, పొడిదనం ఉపశమిస్తుంది. పళ్లు మాత్రం ఫ్లోరైడు పేస్టుతోనే తోముకోవాలి.

పటికబెల్లం డబ్బా మనవడికిచ్చేశానని ఆవిడ మరునెల చెప్పారు. అదీ నాకు నచ్చలేదు.