పుల్లగా ఉందని పారబోయకండి

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఇప్పుడు రెండు రకాల కాఫీలు కనిపిస్తున్నాయి. ఒకటి పెద్దవాళ్ల స్టీలు ఫిల్టర్‌లో దిగే డికాక్షన్. రెండోది పిల్లలు గాజు పాత్ర మీద కాగితపు ఫిల్టర్ పెట్టి, తూకం వేసి, గడియారం చూసి చేసే లైట్ రోస్ట్. ఒక గుక్క తాగి, 'ఈ పుల్లటి కషాయానికా ఇంత ఖరీదు?' అంటూ సింకులో పారబోసే అమ్మానాన్నలు తక్కువేం కాదు. ఆ తీర్పు తొందరపాటు. ఆ పులుపులో గింజ వాటా కొంత, మనం చేసే తీరు వాటా కొంత ఉంటుంది.

పచ్చి కాఫీ గింజలను వేయిస్తుంటే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పేలాల్లా చిటపటలాడతాయి. ఆ చప్పుడు మొదలయ్యాక కాసేపటికే దించేస్తే లైట్ రోస్ట్. ఇంకా వేయిస్తూ పోతే రెండోసారి చిటపటలు వస్తాయి, గింజ నల్లబడి పైకి నూనె తేలుతుంది. అలా ముదురుగా వేయించినప్పుడు నాలుకకు తగిలేది చాలావరకు వేపుడు రుచే. మాడిన పల్లీలు ఏ చేలోవో చెప్పగలమా? మన ఫిల్టర్ కాఫీ ఆ ముదురు వేపుడు మీదే నిలబడింది. దానికి చికోరీ తోడు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతం ఉంటే చాలని మన దేశ నిబంధనలే చెబుతున్నాయి. అందులో తప్పేమీ లేదు, ఆ చేదు, ఆ చిక్కదనం పాలకు, పంచదారకు సరిజోడు. అదే కొలతతో లైట్ రోస్ట్‌ను తూచడమే చిక్కు.

ఇదంతా మనకెందుకు అంటారా? అరకు ఉంది గనక. సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య ఆదివాసీ కుటుంబాలు పండిస్తున్న అరబికా అది. 2017లో పారిస్‌లో ఆ పేరుతోనే దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. లైట్ రోస్ట్ ఏ లోపాన్నీ దాచదు. పచ్చికాయ గింజలు కలిస్తే గడ్డి వాసన పట్టేస్తుంది. అందుకే ఎర్రగా పండిన కాయనే ఏరి, మళ్లీ మళ్లీ అదే చెట్టు దగ్గరకు వెళ్లి కోసే ఓపికకు ఇక్కడ విలువ ఉంటుంది. అన్నీ మాడ్చి చికోరీతో కలిపేస్తే ఆ కష్టాన్ని అడిగేవాడు ఉండడు, దానికి ధర కట్టేవాడూ ఉండడు. గర్వంగా అరకు ప్యాకెట్ కొని, నచ్చలేదని అటక మీద పడేస్తే ఆ రైతుకు ఒరిగేదేమిటి?

కాబట్టి చేసే తీరు మార్చుకోవాలి. తక్కువ వేగిన గింజ గట్టిగా ఉంటుంది, సారాన్ని అంత తేలిగ్గా వదలదు. స్టీలు ఫిల్టర్‌లో నీళ్లు బొట్టుబొట్టుగా దిగుతూ చల్లారిపోతాయి గనక ఆ గింజకు అది చాలదు. 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోండి. పొడి మెత్తటి ఉప్పు రేణువుల్లా ఉండాలి. నీళ్లు తెర్లగానే వాడండి, 'కాఫీ మాడుతుంది' అన్న భయం ముదురు వేపుడుకే. ముందు పొడి తడిసేలా కొంచెం పోసి అర నిమిషం ఆగండి, పొంగు తగ్గాక మిగతావి రెండు మూడు విడతలుగా పోయండి. మొత్తం మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. నాలుక ముడుచుకునేంత పులుపు, నీళ్లలాంటి పలచదనం ఉంటే సారం దిగలేదన్నమాట. మరుసటి రోజు పొడి ఇంకాస్త మెత్తగా చేయండి. చేదెక్కితే బరక చేయండి. నారింజనో, నేరేడునో గుర్తుచేసే పులుపైతే అది గింజదే, ఉండనివ్వండి. పాలు మాత్రం వద్దు. ఆ పులుపుతో కలిస్తే పాలు విరిగాయేమో అనిపిస్తుంది.

లండన్‌లాంటి చోట్ల కొళాయి నీటి కాఠిన్యం ఈ రుచిని చప్పబరుస్తుంది, వడపోసిన నీళ్లు వాడితే మేలు. ఇంకో అపోహ కూడా ఉంది. 'లైట్' అన్నారు కదా, కెఫీన్ తక్కువేమోనని రాత్రి భోజనం తర్వాత పెద్దవాళ్లకు ఇస్తున్నారు. బరువు లెక్కన చూస్తే రెండింటిలోనూ కెఫీన్ దాదాపు సమానమే. నిద్ర పట్టనివాళ్లకు పొద్దునే ఇవ్వండి. అదీ పొగలు కక్కుతుండగా కాదు, కాస్త చల్లారనిచ్చి. పెదవి కాలే వేడిలో ఈ కాఫీ రుచి తెలియదు.