అందరూ టీషర్టుల్లో ఉండే ఆఫీసుకు మన పిల్లలు

కడప నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె కుమార్తె ఇంజనీరింగ్ పూర్తిచేసి, హైదరాబాదులోని అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కొన్ని నెలలు శిక్షణ పొందింది. మాధాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నుండి ఆమెకు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆ ఈమెయిల్ చివర, తమ దగ్గర దుస్తుల విషయంలో నియమాలేవీ లేవని, సౌకర్యంగా ఉన్నవి ధరించి రమ్మని రాసి ఉందట. ఆ ఒక్క వాక్యం వారి ఇంట్లో మూడు రోజుల వాదనకు దారితీసింది.

“అక్కడ అందరూ జీన్సు, టీషర్టులే అమ్మీ! నేనొక్కదాన్నే నల్ల బుర్ఖాలో వెళితే, నోరు విప్పకముందే నా సంగతి తేలిపోతుంది” అన్నది కుమార్తె మాట. ఉద్యోగం చేతికి వచ్చేదాకా స్కార్ఫ్ తీసేస్తే ఏం పోయింది, వచ్చాక కట్టుకోవచ్చు కదా అన్నది మేనమామ సలహా. తండ్రి మాత్రం ఏమీ అనలేదట. అమ్మాయి చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు.

ఆ సోదరికి జవాబు వెంటనే పంపాము. అయితే ఇదే ప్రశ్న అనేక ఇళ్లలో ఉన్నదని మాకు తెలుసు. అందుచేత ఈ నెల ఆ విషయమే కాస్త వివరంగా ముచ్చటించుకుందాం.

ముందుగా ఆ ‘సౌకర్యం’ అన్న మాటను చూద్దాం. నియమాలు లేవంటే చూసేవారు లేరని కాదు. ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే యువకుడు పాత టీషర్టుతో, చెప్పులతో ఉండవచ్చు. అతనికి ఉద్యోగం ఉంది. మన బిడ్డకు ఇంకా రాలేదు. అతన్ని చూసి మనమూ అలాగే వెళ్లడం పొరపాటు. అలాగని కోటు, టై బిగించుకుని వెళితే, పెళ్లివారింటికి వచ్చి దారి తప్పినవారిలా కనిపిస్తాము. అక్కడివారు రోజూ ధరించేదానికి ఒక మెట్టు పైన ఉంటే చాలు. అబ్బాయిలకు ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా, ముదురు రంగు కాటన్ ప్యాంటు, తుడిచిన బూట్లు. అమ్మాయిలకు పెద్దగా పనితనం లేని పొడవైన వదులు కుర్తా, సల్వార్, దానికి నప్పే స్కార్ఫ్. అబాయా అలవాటున్నవారికి సాదా అబాయా. దీనికోసం కొత్తగా కొనవలసినదేమీ ఉండదు. పండుగకు కుట్టించిన జరీ దుస్తులు మాత్రం పండుగకే ఉంచండి.

చక్కగా ముస్తాబై వెళ్లడం లోకం మెప్పు కోసం చేసే పని కాదా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. మస్జిద్ ద్వారం వద్ద ఒక పట్టు వస్త్రం అమ్మకానికి రాగా హజ్రత్ ఉమర్ (రజి) చూశారు. దీన్ని కొని జుమా రోజున, ప్రతినిధి బృందాలు వచ్చినపుడు ధరించవచ్చు కదా అని దైవప్రవక్త (స)కు సూచించారు. ఆయన నిరాకరించారు. కారణం అది పట్టు వస్త్రం కావడం. బయటివారిని కలిసేటప్పుడు మంచి బట్టలు కట్టుకోవాలన్న ఆలోచనను మాత్రం ఆయన తప్పుపట్టలేదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం గర్వమవుతుందా అని ఒకరు అడిగినపుడు కూడా ఆయన కాదన్నారు. సత్యాన్ని తిరస్కరించడం, మనుషులను చిన్నచూపు చూడటమే గర్వమని వివరించారు. అంటే ఎదుటివారి కోసం శుభ్రంగా, అందంగా తయారు కావచ్చు. ఎదుటివారి కోసం హద్దు దాటడమే కూడదు. (టై కట్టుకోక తప్పని చోటికి వెళ్లే అబ్బాయిలు అది అసలు పట్టుదో కాదో ఒకసారి చూసుకోవాలి. మార్కెట్లో దొరికే చవక టైలు చాలావరకు పాలిస్టరువే లెండి.)

ఇక స్కార్ఫ్ మాట. మేనమామగారి సలహాలో దురుద్దేశం లేదు. ఆయన కూడా ఆ అప్పు గురించే ఆలోచించారు. అయినా ఆ సలహాతో మేము ఏకీభవించలేము. దైవాజ్ఞ సంగతి అలా ఉంచి, లోకరీతిని చూసినా అది నిలిచే పద్ధతి కాదు. ఇంటర్వ్యూలో వారు చూసి ఎంచుకున్న అమ్మాయి ఒకరు, ఆ తర్వాత ఆఫీసుకు వచ్చే అమ్మాయి మరొకరు అవుతారు. స్కార్ఫ్ ఎప్పుడు మొదలుపెట్టాలి? చేరిన మొదటి రోజునా, మొదటి జీతం తర్వాతా, ఉద్యోగం ఖాయమయ్యాకా? ఆ రోజు రేపటికి, రేపు మరుసటి నెలకు జరిగిపోతూ ఉంటుంది. జరిగిన కొద్దీ కష్టమవుతుంది. నిన్నటిదాకా లేనిది ఈ రోజెందుకని తోటివారు అడిగే ప్రశ్నకు ఆమె రోజూ మనసులో జవాబు వెతుక్కుంటూ ఉండాలి. ఇలా ఉద్యోగాల్లో చేరి, ఆ రోజు రానే రాక బాధపడిన సోదరీమణులు మాకు తెలుసు.

అలాగే అమ్మాయి భయం కూడా ఉత్తదని మేము అనము. తలపై వస్త్రం చూసి మనసులోనే ‘వద్దు’ అనుకునేవారు ఉన్నారు. కారణం బయటకు చెప్పరు. ఆ ఉద్యోగం పోవచ్చు. ఉపాధి ప్రదాత అల్లాహ్ అని మనం విశ్వసిస్తాము. కానీ నెలనెలా వాయిదా కట్టవలసిన తండ్రికి ఆ మాటను, ఇంట్లో నిశ్చింతగా కూర్చుని రాసే మాలాంటివారు తేలికగా చెప్పకూడదు. పోయేది నిజంగా పోతుంది. అయితే ఆ సంగతి ఇంటర్వ్యూ రోజునే తేలడం, హాస్టల్ మార్చి, మరో అవకాశం వదులుకుని, చేరిన మూడు నెలలకు తేలడం కంటే మేలు. నియమాలు లేవని రాసిన సంస్థలో స్కార్ఫ్‌ను ఎవరూ పట్టించుకోకపోయే అవకాశం కూడా అంతే ఉంది. టీషర్టును సహించే చోటు కుర్తానూ సహించాలి కదా!

నల్ల బుర్ఖా విషయంలో మాత్రం ఆ అమ్మాయితో కొంత ఏకీభవిస్తాము. షరీఅత్ రంగును నిర్ణయించలేదు. దుస్తులు వదులుగా, పలుచన కాకుండా, కప్పవలసినదాన్ని కప్పేవిగా ఉండాలన్నది. నల్ల రంగు మన ఊళ్ల అలవాటు. లేత నీలం కుర్తాపై ఎద కప్పేలా స్కార్ఫ్ ధరిస్తే హద్దు దాటినట్టు కాదు. ముఖం కప్పుకోవడం విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. నఖాబ్ ధరించే సోదరీమణులు తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. పెద్ద భవనాల్లో గేటు వద్దే సందర్శకుల ఫోటో తీస్తుంటారు. అక్కడ మహిళా సిబ్బంది ఉంటారా అని ముందే ఈమెయిల్‌లో మర్యాదగా అడిగితే ఆ రోజు ఇబ్బంది ఉండదు.

అబ్బాయిల విషయంలో తల్లిదండ్రులు అంత పట్టించుకోరు. అది మనవారిలో ఉన్న లోపమే. మోకాళ్ల వద్ద, తొడల వద్ద చిరిగిన జీన్సు, వంగితే నడుము కనిపించే ప్యాంటు అబ్బాయికి తగినవని ఎవరు చెప్పారు? ఇంటర్వ్యూ మధ్యలో జుహ్ర్ వేళ అయితే ఆ బట్టలతోనే సజ్దా చేయాలి కదా. గడ్డం ఉంచుకోండి, దువ్వి కత్తిరించుకోండి. ప్యాంటు చీలమండలకు పైన ఉండాలనుకునేవారు గుమ్మం ముందు మడతలు వేయకుండా దర్జీతో సరిచేయించుకోవాలి. అత్తరు ఒక్క చుక్క చాలు. ఏసీ గదిలో అదే ఎక్కువ. సాక్సులు మాత్రం ఉతికినవి వేసుకోండి!

ఇంటి నుండే వీడియోలో ఇంటర్వ్యూ ఇచ్చేవారు కూడా పూర్తి దుస్తులు ధరించాలి. పైన చొక్కా, కింద లుంగీతో కూర్చున్న ఒక అబ్బాయిని మధ్యలో లేచి బోర్డు మీద రాసి చూపమన్నారట.

కొత్త స్కార్ఫ్ ఆ రోజే కట్టుకుంటే ధ్యాసంతా పిన్నుల మీదే ఉంటుంది. రెండు రోజుల ముందు అదే జత వేసుకుని, ఫ్యాను కింద ఒక గంట కూర్చుని, ఎవరితోనైనా ప్రశ్నలు అడిగించుకోమని ఆ అమ్మాయికి రాశాము.

తండ్రిగారికి కూడా విడిగా నాలుగు మాటలు రాశాము. ఆయన మౌనాన్ని అమ్మాయి అనుమతి అనుకుంటున్నదో, కోపం అనుకుంటున్నదో ఆయనకు తెలియదు. ఇంటర్వ్యూ ముందు రాత్రి ఆయనే హాస్టల్‌కు ఫోన్ చేసి, “బేటీ, రోజూ ఎలా వెళతావో అలాగే వెళ్లు. అప్పు సంగతి నేను చూసుకుంటాను” అని చెప్పాలని కోరాము.