వ్యాసంలో దాటేసిన లెక్కలు



అరవై దాటినవారికే ఇళ్లిచ్చే కాలనీలను మెచ్చుకుంటూ మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. పిల్లలు విదేశాల్లో ఉండి, మూడంతస్తుల మేడలో ఒంటరిగా మిగిలిన దంపతులు మా ధవళేశ్వరంలోనూ ఉన్నారు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి పిలిస్తే పలికే నర్సు వాళ్లకు చిన్న విషయాలేమీ కావు.

కానీ ఖర్చు సంగతి వ్యాసకర్త మరీ తేలిగ్గా దాటేశారు. ఇల్లు కొనడంతో అయిపోదు. నెలనెలా మెయింటెనెన్సు, భోజనం ఖర్చు పెరుగుతూనే ఉంటాయి. పెన్షను వాటి వెంట పరుగెత్తలేదు. మంచాన పడితే ఉంచుకుంటారా? దంపతుల్లో ఒకరు పోతే డిపాజిట్ మాటేమిటి? వారసుడికి నలభై ఏళ్లే అయితే ఆ ఇంట్లో ఉండనిస్తారా? ఇలాంటి రిటైర్మెంట్ హోముల కోసం 2019లో కేంద్రం నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. సంతకం పెట్టేముందు వాటిని ఒకసారి చదువుకోవాలి.

ఇంకోటి. సాయంత్రం బ్యారేజీ దగ్గర కూర్చుంటే బడిపిల్లలు సైకిళ్లాపి "తాతగారూ, టైమెంతయింది?" అంటారు. ఆ పలకరింపు అలాంటి కాలనీల ఏ క్లబ్ హౌస్‌లోనూ దొరకదు. ఇది నా చాదస్తమే అనుకోండి.

కొనే స్తోమత లేనివాళ్ల ఊసైతే వ్యాసంలో అసలే లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి సరిపడేలా, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చంటోంది. అది మన జిల్లాల్లో ఎంతవరకు అమలైందో వచ్చే సంచికలో రాయించండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ధవళేశ్వరం